లెక్కలో చేరని నిద్ర: మన ప్రాంతపు రాత్రి కొలువుల చరిత్ర



ఉదయపు నడకకు నేను 5 గంటలకు ఇల్లు కదులుతాను. ఆ వేళకు తుర్కయంజాల్‌లో సాగర్ రహదారి అప్పటికే మేలుకొని ఉంటుంది. దుకాణాల ముందు పాల వ్యాన్లు ట్రేలు దించుతుంటాయి. ఆదిబట్ల వైపు నుండి రాత్రి పని ముగించుకొన్న యువతీయువకులతో కంపెనీ క్యాబులు వస్తుంటాయి. కడుతున్న అపార్టుమెంటు ముందు కాపలాదారు దుప్పటి మడత పెట్టుకుంటుంటాడు. పారిశుద్ధ్య కార్మికురాలు అప్పటికే సగం వీధి ఊడ్చి ఉంటుంది. నాకు అది కొత్త రోజుకు ఆరంభం. వీరిలో పలువురికి అది నిన్నటి పనికి ముగింపు.

వృత్తిలో ఉన్నన్నాళ్ళు నా ప్రశ్నలలో ఒక పెద్ద లోపం ఉండేదని ఈ నడకలో నాకు తరచు గుర్తుకు వస్తుంది. రక్తపోటుతో వచ్చిన ప్రతి రోగినీ ఉప్పు గురించి, పొగ గురించి, మద్యం గురించి అడిగేవాడిని. ఎప్పుడు నిద్రపోతున్నారని మాత్రం అడిగేవాడిని కాను. ఒకసారి దూరప్రాంతాల బస్సు నడిపే డ్రైవరు ఒకాయన వచ్చాడు. మూడు రకాల మందులు వాడుతున్నా రక్తపోటు లొంగడం లేదు. మందులు మానేస్తున్నావా అని నేను గద్దించగా, పక్కనే కూర్చున్న అతని భార్య ఇలా అన్నది: "సారూ, గోలీలు టైముకే ఏసుకుంటడు. రాత్రంతా బస్సు నడుపుతడు. పొద్దుగాల వచ్చి పండుకుందామంటే మాది రేకుల ఇల్లు, ఎండకు పెనం లెక్క కాలుతది. మూడు గంటలు పండుకుంటే గొప్ప. ఇగ మీ గోలీలు ఏం పనిజేస్తయి?"

ఆమెకు నా దగ్గర సమాధానం లేకపోయింది. మనిషి పని చేసే గంటలను లెక్కించే పద్ధతులు మన సమాజంలో ఎన్నో ఉన్నాయి. అతడు నిద్రపోయే గంటలను లెక్కించేవారు ఎవరు? ఈ ప్రశ్న వెంట నేను చదివిన చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాను.

నాలుగు జాముల రాత్రి

గడియారాలు రాకముందు మన పెద్దలు రోజును ఎనిమిది జాములుగా విభజించుకున్నారు. జాము అంటే 3 గంటలు, అనగా ఏడున్నర గడియలు. పగటికి నాలుగు, రాత్రికి నాలుగు. తొలిజాము, రెండో జాము, మూడో జాము, తెల్లవారుజాము అన్న మాటలు రాత్రి కూడా కొలతకు లోబడిన కాలమేనని చెబుతాయి. శివరాత్రినాడు ఈ నాలుగు జాములూ మేలుకొని ఉండడాన్ని జాగరణ అన్నారు. దానిని ఒక వ్రతంగా, అదీ ఏడాదికి ఒక్కసారిగా పరిగణించడం గమనించదగిన విషయం. రాత్రంతా మేలుకోవడం దేహానికి కష్టమని తెలిసినందువల్లనే అది తపస్సు అయింది.

ఆనాడు ఊరిలో రాత్రి పని చేసేవారు లేకపోలేదు. తలారి ఊరు కావలి కాసేవాడు. చెరువు తూము దగ్గర నీరటి పొలాలకు వంతులవారీగా నీరు వదిలేవాడు. పంట చేతికి వచ్చే రోజుల్లో రైతు మంచె మీద కూర్చుని అడవి పందులను అదిలించేవాడు. ఎండాకాలంలో బండ్లు రాత్రిపూట కట్టేవారు. ఎద్దులు చల్లదనంలో నడిచేవి, బండివాడు వాటిని నమ్మి కునుకు తీసేవాడు. తలారికి, నీరటికి కల్లంలో మేర గింజలు, కొన్నిచోట్ల ఇనాం భూమి ఉండేవి. ఇటువంటి కొలువులు ఊరికి కొద్దిమందివి. వాటిలో పలు పనులు కొన్ని నెలలకే పరిమితం.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడడం నా ఉద్దేశం కాదు. తెలంగాణ పల్లెల్లో వెట్టి ఉండేది. దొర గడీ నుండి గాని, ఊరికి వచ్చిన అధికారి నుండి గాని కబురు వస్తే వేళాపాళా చూడకుండా లేచి వెళ్ళవలసిన కుటుంబాలు ఉండేవి. మూట మోయాలన్నా, కబురు అందించాలన్నా, కాగడా పట్టాలన్నా వారినే లేపేవారు. కూలి లేదు, కాదనే హక్కు లేదు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం వెట్టి మీద తిరగబడింది. పిలిచినప్పుడల్లా లేవవలసిన బ్రతుకు మీద తిరుగుబాటు అందులో ఇమిడి ఉన్నదని నేను భావిస్తాను. ఎవరి నిద్రను ఎవరు భంగపరచగలరన్నది ఎల్లప్పుడూ అధికారానికి సంబంధించిన విషయమే.

రైలు, గని, దీపం

మన ప్రాంతంలో రాత్రి పని స్వరూపాన్ని మార్చినవి మూడు. మొదటిది రైలు. 1874లో సికింద్రాబాదును వాడి జంక్షన్‌తో కలిపే రైలుమార్గం ప్రారంభమైంది. రైలు సూర్యుణ్ణి చూసి ఆగదు. దానితోపాటు సిగ్నల్ వాడు, గేటు వాడు, బొగ్గు వేసే ఫైర్‌మన్, డ్రైవరు, స్టేషన్ మాస్టరు, వీరందరూ ఏడాది పొడుగునా రాత్రి మేలుకోవలసి వచ్చింది.

రెండవది గని. ఇల్లందు పరిసరాల్లో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ ఆ పేరుతో ఏర్పడింది. భూగర్భంలో పగలు, రాత్రి అనే భేదం కంటికి కనబడదు. కార్మికులు మూడు షిఫ్టుల్లో దిగడం అక్కడ రివాజు అయింది. వారం మారితే షిఫ్టు మారుతుంది. షిఫ్టు మారితే అన్నం తినే వేళ, పడుకునే వేళ, బిడ్డల ముఖం చూసే వేళ మారుతాయి. కోల్‌బెల్టు ఊళ్ళలో వాడకట్టు అంతా సైరను మోతను బట్టి లేచి పడుకోవడం నేర్చుకున్నది.

మూడవది విద్యుద్దీపం. 1879లో ఎడిసన్ బల్బు వెలిగిన తరువాత మూడు దశాబ్దాలకే, 1910లో, హైదరాబాదులో విద్యుత్ శాఖ ఏర్పడింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అంతకుముందు చీకటి తనంతట తాను పని ఆపించేది. దీపం వచ్చిన తరువాత పని ఆపించడానికి చట్టం అవసరమైంది.

చట్టం లెక్కించినది, లెక్కించనిది

బ్రిటిషు ఇండియాలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. అది ప్రధానంగా బాలకార్మికుల గురించి మాట్లాడింది. 1891లో స్త్రీల పని రోజుకు 11 గంటలకు పరిమితమయింది. 1911లో బట్టల మిల్లుల్లో పురుషులకు 12 గంటల హద్దు పెట్టారు. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54 గంటలు అన్నారు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఉన్న కాలంలో వారానికి 48 గంటల నియమం రూపు దిద్దుకొని 1946లో చట్టమైంది. నిజాం సంస్థానం ఈ చట్టాల పరిధికి వెలుపల ఉండేది. స్వాతంత్ర్యానంతరం 1948 ఫ్యాక్టరీల చట్టం, 1952 గనుల చట్టం మనకు వర్తించాయి.

60 గంటల నుండి 48 గంటలకు దిగడం చిన్న విజయం కాదు. తరతరాల కార్మికులు పోరాడి సాధించుకున్నది అది. అయినా ఆ చట్టాలను వైద్యుడి కళ్ళతో చదివితే ఒక వెలితి కనబడుతుంది. 1948 చట్టంలో రాత్రి షిఫ్టుల గురించి ఒక ప్రత్యేక సెక్షను ఉండేది, 57వది. అందులో రాత్రి కార్మికుని ఆరోగ్యం గురించి ఏదో చెప్పి ఉంటారని ఆశించి చదివాను. అది చెప్పేది ఒక్కటే: షిఫ్టు అర్ధరాత్రి దాటి సాగినప్పుడు, 12 గంటల తరువాతి పనిని ముందురోజు లెక్కలో వేయాలి; వారపు సెలవును షిఫ్టు ముగిసిన క్షణం నుండి 24 గంటలుగా చూడాలి. అవసరమైన నియమమే. కాని అది జమాఖర్చుల పుస్తకానికి సంబంధించినది. పగటి 8 గంటలు, రాత్రి 8 గంటలు ఆ పుస్తకంలో సమానం. దేహంలో మాత్రం సమానం కావు.

రైల్వేలో ఈ లెక్క మరింత విచిత్రంగా ఉండేది. 1930 నాటి చట్ట సవరణ రైల్వే ఉద్యోగులలో కొందరి పనిని నిరంతరమైనదిగా, మరికొందరి పనిని మధ్యమధ్య విరామం కలదిగా వర్గీకరించింది. మొదటివారికి వారానికి 60 గంటలు. రెండవవారికి 84 గంటలు. రెండు రైళ్ళ నడుమ ఎదురుచూసే సమయాన్ని విశ్రాంతిగా ఎంచడమే ఈ తేడాకు మూలం. రాబోయే రైలు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం విశ్రాంతి ఎలా అవుతుంది? రాత్రి కాపలాదారులను నిద్రపోయే పనికి జీతం తీసుకుంటున్నారని ఎగతాళి చేసేవారికి నేను ఈ ప్రశ్ననే వేస్తాను. మేలుకోవలసి వస్తుందేమోనన్న శంకతో పట్టే నిద్ర గాఢనిద్ర కాదు.

ఇంజను డ్రైవర్లు, ఫైర్‌మన్లు ఈ విషయాన్ని వైద్యులకంటే ముందే గ్రహించారు. 1973 ఆగస్టులో వారు సమ్మె చేసి, డ్యూటీకి సంతకం పెట్టిన క్షణం నుండి దిగి సంతకం పెట్టేవరకు 10 గంటలకు మించరాదన్న హామీ పొందారు. 1974 మే 8న మొదలై 20 రోజులు సాగిన దేశవ్యాప్త రైల్వే సమ్మె కోర్కెలలో 8 గంటల పని ఒకటి. మన సికింద్రాబాదు కేంద్రంగా 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే కూడా అందులో భాగమే. ఆ సమ్మెను తీవ్రంగా అణచివేశారు. జీతం కోసమే జరిగిన సమ్మెగా దానిని గుర్తు పెట్టుకున్నవారు ఎక్కువ. నిద్ర కోసం కూడా జరిగిందని చెప్పేవారు తక్కువ.

రాత్రి కరెంటు

ఇక చట్టాల పుస్తకంలో ఎక్కడా పేరు లేని ఒక రాత్రి కార్మికుణ్ణి చెప్పాలి. అతడు మన రైతు.

నేడు ప్లాట్లుగా మారిన తుర్కయంజాల్, ఇంజాపూర్, కోహెడ పరిసర భూములు ఒకనాడు సేద్యపు భూములు. మాసబ్ చెరువు వంటి చెరువులు, బావులు ఆధారం. బావులు ఎండి బోర్లు వచ్చిన తరువాత తెలంగాణ సేద్యం కరెంటు మీద ఆధారపడింది. వ్యవసాయానికి కరెంటును విడతలుగా, అందులో ఒక విడతను రాత్రిపూట ఇచ్చేవారు. పట్టణాల్లోనూ పరిశ్రమల్లోనూ వాడకం తగ్గిన వేళ మిగిలిన విద్యుత్తు రైతు వంతుకు వచ్చేది. అర్ధరాత్రి మోటారు నడిస్తేనే మడి తడుస్తుంది. అందుచేత టార్చిలైటు పట్టుకొని రైతు చేను దారి పట్టేవాడు. చీకట్లో పాము కాటుకు గురైనవారు, తడి చేతులతో స్టార్టరు ముట్టి ప్రాణం పోగొట్టుకున్నవారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. పాము కాటుతో తెల్లవారుజామున ఎడ్లబండి మీదనో, ఆటోలోనో వచ్చిన రైతులను చూడని ప్రభుత్వ వైద్యుడు నా తరంలో ఉండడు.

ఆ మరణాలను మేము రిజిస్టరులో పాము కాటు అని, విద్యుదాఘాతం అని రాసుకున్నాము. పగలంతా పని చేసి రాత్రి నిద్ర లేకుండా చేనులో తిరగవలసి రావడం అసలు కారణమని రాసే గడి ఆ రిజిస్టరులో లేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా ప్రారంభమైంది. దాని ఆర్థిక భారం గురించి, బోర్ల వాడకం గురించి వాదోపవాదాలు ఉండవచ్చు. వైద్యునిగా నాకు తోచేది ఇది: అది రైతుకు నీటితోపాటు రాత్రి నిద్రను కూడా తిరిగి ఇచ్చిన నిర్ణయం.

స్త్రీలు, రాత్రి

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను స్త్రీలను ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 7 గంటల మధ్యనే పనిలో పెట్టుకోవాలన్నది. 2002లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ నిషేధం సమానత్వానికి విరుద్ధమని కొట్టివేసింది. అంతకు రెండేళ్ళ ముందు మద్రాసు హైకోర్టు కూడా అటువంటి తీర్పే ఇచ్చింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ స్త్రీల అంగీకారంతో, తగిన రక్షణలతో రాత్రి పనికి అనుమతిస్తున్నది.

ఈ తీర్పులు న్యాయమైనవే. కాని ఒక మాట మరువరాదు. ఆ నిషేధం ఫ్యాక్టరీకే వర్తించింది. ఆసుపత్రి నర్సులు, మంత్రసానులు, కోడి కూయకముందే చీపురు పట్టే కార్మికురాళ్ళు అంతకుముందూ రాత్రి పని చేసినవారే. వారి గురించి ఎవరూ ఆందోళన చెందలేదు. పైగా స్త్రీ రాత్రి డ్యూటీ ముగించి ఇంటికి వస్తే ఆమె కోసం పక్క సిద్ధంగా ఉండదు. పొయ్యి సిద్ధంగా ఉంటుంది. పిల్లలను బడికి పంపి, వంట ముగించి, మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాల్చి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన నర్సులను నేను చాలామందిని ఎరుగుదును.

వైద్యులమైన మేము

ఇతరుల సంగతి చెప్పి నా వృత్తి సంగతి దాచడం ధర్మం కాదు. నేను జూనియర్ డాక్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి 30 గంటలకు పైగా నిద్ర లేకుండా వార్డులో ఉన్నాను. తెల్లవారుజామున ఒక పసిబిడ్డకు మందు మోతాదు రాసి కేసు షీటు నర్సమ్మకు అందించాను. ఆమె దానిని రెండుసార్లు చదివి, మెల్లగా, "డాక్టరు గారూ, ఈ సున్నా ఉండాలా?" అని అడిగింది. నేను పది రెట్లు మోతాదు రాశాను. ఆమె కూడా రాత్రంతా మేలుకొన్నదే. అయినా ఆమె కళ్ళు ఆ సున్నాను పట్టుకున్నాయి. ఆ బిడ్డ బ్రతికి ఇంటికి వెళ్ళింది. ఆనాడు నేను ఎవరికీ చెప్పలేదు. నిద్ర లేదని చెప్పుకోవడం అప్పట్లో మాకు చేతకానితనంగా తోచేది. ఎన్ని గంటలు మేలుకొన్నామన్నది గొప్పగా చెప్పుకొనేవాళ్ళం.

1984లో న్యూయార్కు ఆసుపత్రిలో 18 ఏళ్ళ యువతి మరణించినప్పుడు, సుదీర్ఘ డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ల అలసట అక్కడ బహిరంగ చర్చకు వచ్చింది. 1989లో ఆ రాష్ట్రం జూనియర్ డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకు, ఏకబిగిన 24 గంటలకు పరిమితం చేసింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే రెసిడెంటు డాక్టర్లకు వారానికి 48 గంటలని, ఏకబిగిన 12 గంటలకు మించరాదని ఆదేశించింది. కాగితం మీద మనది మరింత ఉదారమైన నియమం. వార్డులో దాని సంగతి ఏ జూనియర్ డాక్టరును అడిగినా చెబుతారు.

ఆదిబట్ల నుండి కోహెడ వరకు

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభోత్సవంతో హైదరాబాదులో కొత్త రాత్రి మొదలైంది. న్యూయార్కు గడియారం మనకంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడివారు ఉదయం కార్యాలయానికి వచ్చే వేళ మనకు పొద్దు వాలుతుంది. మన పిల్లలు వారి పగటిలో పని చేసి, మన పగటిలో నిద్రపోవలసి వచ్చింది. తరువాత ఆ రాత్రి నగరం అంచుకు, ఆదిబట్లకు కూడా చేరింది. గని కార్మికుని షిఫ్టుకు బొగ్గు కారణం. ఈ షిఫ్టుకు భూగోళం కారణం. జీతంలో పోలిక లేదు గాని దేహం పడే కష్టంలో పోలిక ఉన్నది.

ఈ దారిలోనే మరొక పాత రాత్రి కూడా ఉన్నది. కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 1986 నుండి నడిచింది. మామిడి కాలంలో లారీలు రాత్రంతా వచ్చేవి, హమాలీలు చీకట్లో పెట్టెలు దించేవారు, తెల్లవారాక వేలం. మనం ఉదయం బండి మీద కొనే పండు వెనుక మూడు వేర్వేరు మనుషుల నిద్ర ఉంటుంది: లారీ డ్రైవరుది, హమాలీది, తెల్లవారుజామునే మార్కెట్టుకు వెళ్ళే చిల్లర వ్యాపారిది. 2020 మామిడి కాలంలో ఆ వ్యాపారం కొంతకాలం కోహెడకు వచ్చింది. ఆ తరువాత మార్కెట్టు బాటసింగారానికి తరలింది. పాత స్థలంలో పెద్ద ఆసుపత్రి నిర్మాణం మొదలైంది. రాత్రి మేలుకొనే ఒక చోటు పోయి, ఆ స్థలంలోనే రాత్రి మేలుకొనే మరొకటి వస్తున్నదన్నమాట.

దేహంలోని గడియారం

ఇంతకీ పగటి నిద్ర రాత్రి నిద్రకు ఎందుకు సాటిరాదు? 1729లో ఫ్రాన్సులో ద మైరాన్ అనే శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి చూశాడు. వెలుగు తగలకపోయినా పగటి వేళకు ఆకులు విచ్చుకున్నాయి, రాత్రి వేళకు ముడుచుకున్నాయి. జీవులలో సొంత గడియారం ఉన్నదనడానికి అది తొలి సూచన. ఆ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి నిరూపించిన హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన మెదడులోని ఆ గడియారాన్ని ప్రతిరోజూ సరిచేసేది వెలుగు. రాత్రి పని ముగించి ఇంటికి వెళ్ళే మనిషి కంట్లో ఉదయపు ఎండ పడగానే అది పగలని గడియారం తీర్మానిస్తుంది. అందువల్ల ఏళ్ళ తరబడి రాత్రి పని చేసినా అత్యధికులకు దేహం పూర్తిగా అలవాటు పడదు. పగటి నిద్ర పొట్టిది, పలుచనిది. అర్ధరాత్రి తిన్న అన్నానికి చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. రాత్రి నిద్రలో సహజంగా తగ్గవలసిన రక్తపోటు తగ్గదు. దీర్ఘకాలం రాత్రి పని చేసేవారిలో మధుమేహం, గుండెజబ్బు అధికమని అధ్యయనాలు చెబుతున్నాయి. 2007లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. 2019లో తిరిగి పరిశీలించి అదే వర్గంలో ఉంచింది.

1997లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితాన్ని నేను తరచు చెబుతుంటాను. 17 గంటలు మేలుకొన్న మనిషి చేతి నేర్పు, రక్తంలో మద్యం 0.05 శాతం ఉన్న మనిషి నేర్పుతో సమానంగా దిగజారింది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానమైంది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. రాత్రి ఎల్.బి.నగర్ కూడలిలో పోలీసులు గొట్టం ఊదించి మద్యం తాగినవారిని పట్టుకుంటారు. అదే వరుసలో చుక్క ముట్టకుండా, 20 గంటలుగా మేలుకొని ఉన్న డ్రైవరు నవ్వుతూ ఊది, ముందుకు సాగిపోతాడు. అతని వెనుక 40 మంది నిద్రపోతుంటారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. కాని అది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకు వర్తించిన చట్టం. సొంత ఆటో, సొంత క్యాబు నడుపుకొనే మనిషి గంటలను లెక్కించే పుస్తకమే లేదు.

చేయదగినది

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో రాత్రి పని మీద 171వ ఒడంబడికను ఆమోదించింది. రాత్రి కార్మికులకు ఉచిత ఆరోగ్య పరీక్షలు, ఆరోగ్య కారణాల వల్ల తగనివారికి పగటి పని అందులోని ప్రధానాంశాలు. మన దేశం దానిని ఇంకా స్వీకరించలేదు. స్వీకరించాలని అడగడం మన హక్కు. ఈలోగా కొన్ని జాగ్రత్తలు మన చేతిలోనే ఉన్నాయి.

రాత్రి పని చేసేవారికి: నిద్రించే గదిని వీలైనంత చీకటిగా, చల్లగా ఉంచుకోండి, కిటికీకి ముదురు రంగు మందపాటి గుడ్డ చాలు. ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు మేలు చేస్తాయి, స్వయంగా బండి నడపనప్పుడు మాత్రమే. డ్యూటీకి ముందు అరగంట కునుకు తీయండి. నిద్రకు 6 గంటల ముందే టీ, కాఫీ మానండి. అర్ధరాత్రి భోజనం తేలికగా ఉండాలి. నిద్ర కోసం మద్యాన్ని గాని, వైద్యుని సలహా లేని మాత్రలను గాని ఆశ్రయించవద్దు. ఏడాదికి ఒకసారైనా రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి. ఇన్సులిన్ వాడేవారు షిఫ్టు మారినప్పుడు మోతాదు వేళల గురించి వైద్యునితో తప్పక మాట్లాడాలి. బండి నడుపుతూ రెప్పలు బరువెక్కితే కిటికీ తెరవడం, పాటలు పెట్టడం పనికిరావు. బండి పక్కకు ఆపి 20 నిమిషాలు పడుకోవడమే మందు.

యజమానులకు: షిఫ్టులు మార్చక తప్పనప్పుడు ఉదయం నుండి సాయంత్రానికి, సాయంత్రం నుండి రాత్రికి మార్చండి, వెనుకకు మార్చడం దేహానికి మరింత కష్టం. రాత్రి కాపలాదారుకు కుర్చీతోపాటు, పగలు పడుకోవడానికి ఒక గది ఇవ్వండి.

ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి: పగలు పడుకున్న మనిషిని సోమరి అనవద్దు. ఆ ఇంటి తలుపు మెల్లగా తట్టండి. ఆ ఇంటి పక్కన పెళ్ళి మైకు, గుడి మైకు, డ్రిల్లింగు మిషను మోగించేముందు ఒక్కసారి ఆలోచించండి.

నా తరం వైద్యులకు ఆ డ్రైవరు భార్య నేర్పిన ప్రశ్నను ఇప్పటి వైద్యులకు అప్పగిస్తున్నాను. రక్తపోటు కొలిచే ముందు రోగిని అడగండి: నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ వేళ నిద్రపోయారు? ఆ డ్రైవరుకు చివరకు పనికివచ్చినది నాలుగో మందు కాదు. ఇంటి పై రేకుల మీద అతని భార్య కొబ్బరాకులు కప్పించింది; వారానికి రెండు రాత్రులు బస్సు దిగడానికి అతని యజమాని ఒప్పుకున్నాడు. ఆరు నెలల తరువాత వచ్చినప్పుడు అతని రక్తపోటు రెండు మందులకే అదుపులో ఉన్నది. నేను అతని కేసు కాగితం మీద, అంతకుముందు ఎన్నడూ రాయని ఒక పంక్తిని చేర్చాను: నిద్ర, రోజుకు 6 గంటలు.